స్టెప్నీ: జైనూర్ దాకా నడిచొచ్చిన ఒక వీధి పేరు

మన భాషలోకి వచ్చి స్థిరపడిన పరాయి మాటల్లో కొన్నింటికి పుట్టిల్లు ఎక్కడో ఎవరికీ పట్టదు. బండి వెనుక సామాను పెట్టుకునే చోటును డిక్కీ అంటాం. ఆ మాట ఇంగ్లండు నుంచి వచ్చింది. బండి చక్రం పంక్చరయితే మార్చుకునేందుకు వెంట తీసుకుపోయే అదనపు చక్రాన్ని స్టెప్నీ అంటాం. ఆదిలాబాదు అడవుల నడుమ జైనూర్‌లో టైర్ల దుకాణం ముందు నిలబడి "స్పేర్ వీల్" అని అడిగితే కుర్రవాడు క్షణం ఆలోచిస్తాడు. "స్టెప్నీ" అంటే వెంటనే లేస్తాడు. ఉర్దూ అలవాటున్న నోళ్లలో అది "ఇస్టెప్నీ" అవుతుంది. అదే మాటను లండన్‌లో నేటి డ్రైవరుతో అంటే, అతనికి గుర్తొచ్చేది నగరానికి తూర్పున ఉన్న ఒక పేట మాత్రమే.

నిజానికి ఆ లండన్ పేటకూ మన చక్రానికీ సంబంధం లేదు. వేల్స్ దేశంలో లనెల్లీ అనే ఊరుంది. అక్కడి భూస్వాముల ఇంటిపేరు స్టెప్నీ, వారి పేరు మీదే స్టెప్నీ వీధి వెలిసింది. ఆ వీధిలో ఇనుపసామాను దుకాణం నడిపిన వాల్టర్ డేవిస్, టామ్ డేవిస్ సోదరులు 1904లో ఒక కొత్త చక్రాన్ని తయారుచేశారు. దాని గొప్పదనం తెలియాలంటే అంతకుముందు మోటారు బండి నడిపేవారి బాధ కొంత తెలియాలి.

గాలి నింపిన టైరును 1888లో బెల్‌ఫాస్టులో డన్‌లప్ తన కొడుకు మూడుచక్రాల సైకిలు కోసం చేశాడని చాలామందికి తెలుసు. మోటారు కారుకు గాలి టైర్లు తొడిగి పందెంలోకి దిగినవారు ఫ్రాన్సుకు చెందిన మిషెలిన్ సోదరులు. 1895లో పారిస్ నుంచి బోర్డోకు వెళ్లి తిరిగి పారిస్ చేరే పందెం అది. దారిపొడవునా పంక్చర్లే. గుర్రపు నాడాల మేకులు నిండిన రోడ్ల మీద ఎన్నో ట్యూబులు మార్చుకుంటూ వెళ్లారు. గెలుపు దక్కలేదు, గాలి టైరు మీద కారు నడుస్తుందన్న సంగతి మాత్రం రుజువైంది. ఆ రోజుల్లో చక్రం బండినుంచి ఊడేది కాదు. కొయ్య ఆకుల చక్రం ఇరుసుకు శాశ్వతంగా బిగిసి ఉండేది. పంక్చరయితే దుమ్ములో కూర్చుని, టైరును ఇనుప కమ్మీలతో పెకలించి, ట్యూబు అతికి, చేతి పంపుతో గాలి కొట్టవలసిందే. వానలోనైనా, చీకట్లోనైనా అదే పని.

డేవిస్ సోదరులు చేసిన చక్రానికి ఆకులు లేవు, కుండా లేదు. ఉన్నది గాలి నింపిన టైరు తొడిగిన ఇనుప వలయం మాత్రమే. పంక్చరయిన చక్రాన్ని విప్పకుండా, ఈ వలయాన్ని దాని పక్కన ఆనించి కొక్కేలతో బిగిస్తే, బండి దానిమీద నడిచిపోయేది. కొన్ని నిమిషాల పని. 1909 నాటికి లండన్ టాక్సీలన్నింటికీ తమ చక్రమే ఉందని ఆ సోదరులు చెప్పుకున్నారు. వర్తకుల మాట కనుక కొంత తగ్గించి వినవచ్చు. కాని బ్రిటిష్ వారి ఓడలు వెళ్లిన చోటికల్లా ఆ పేరు వెళ్లిందన్న దానికి సాక్ష్యం భాషలే. భారతదేశంలో, బంగ్లాదేశ్‌లో, మాల్టాలో నేటికీ ఆ మాటే. బ్రెజిల్‌లో పోర్చుగీసు మాట్లాడేవారు "ఎస్తెపి" అంటారు. తరువాత చక్రాన్ని బోల్టులు విప్పి మొత్తంగా మార్చే పద్ధతి వచ్చి డేవిస్ సోదరుల వలయం మూలపడింది. వస్తువు పోయినా పేరు మిగిలింది.

మన నుడికారంలో ఈ మాటకు ఒక చిన్నచూపు కూడా అంటింది. మనుషులను, ముఖ్యంగా స్త్రీలను, స్టెప్నీ అని వెక్కిరించడం సినిమాల్లోనూ బయటా విన్నదే. కనిపించకుండా కింద వేలాడుతూ అవసరానికి ఆదుకునేదాన్ని హీనంగా చూసే బుద్ధి ఆ వెక్కిరింతలో ఉంది. నాకు అది ఎన్నడూ నచ్చలేదు.

ఇక జైనూర్ సంగతి. 2016లో జిల్లాల విభజన జరిగాక ఇది కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో చేరింది. అంతకుముందు ఆదిలాబాదు జిల్లానే. ఈ మండలంలోని మార్లవాయిలోనే 1940ల్లో హైమన్‌డార్ఫ్ దంపతులు గుడిసె వేసుకుని రాజగోండుల మధ్య బతికారు. 1987లో కన్నుమూసిన బెట్టీ ఎలిజబెత్ సమాధి మార్లవాయిలోనే ఉంది. ఆ కాలపు గోండు పల్లెలకు దారులంటే ఎడ్లబండ్ల దారులే. ఎడ్లబండికి స్టెప్నీ ఉండదు. కొయ్య గీరకు ఇనుప పట్టా వేస్తే దానికి పంక్చరన్న మాటే లేదు. శీల ఊడితే కొత్త శీల కొట్టుకోవచ్చు. ఆకు విరిగితే ఊరి వడ్రంగే దిక్కు. గాలి టైరు వచ్చాకే దారిలో ఆగిపోతామన్న భయం వచ్చింది, ఆ భయంతోపాటు స్టెప్నీ వచ్చింది. హైదరాబాదు రాజ్యంలో నిజాం రైల్వే వారు 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. ఆ తరువాత చాలాకాలానికి గాని ఇటువంటి మారుమూల కొండలకు మోటారు రాలేదు. 1947లో మహీంద్రా వారు బొంబాయిలో విల్లీస్ జీపులను బిగించడం మొదలుపెట్టారు. అడవి ప్రాంతపు దారులకు తరువాతి కాలంలో అలవాటైన బండి జీపే. దాని అదనపు చక్రం పక్కనో వెనుకనో, అందరి కంటికీ కనిపించేట్లు ఉండేది.

పికప్ బండి వచ్చాక చక్రం కిందికి పోయింది. కారణం సులువు. సామాను వేసే తొట్టిలో స్టెప్నీ పెడితే స్థలం పోతుంది. పైగా ఈ ప్రాంతంలో మోసే సరుకు పత్తి. తొట్టికి రెండింతల ఎత్తున పత్తి నింపి తాళ్లు బిగించాక, అడుగున ఉన్న చక్రాన్ని తీయాలంటే సరుకంతా రోడ్డు మీద దించాలి. అందువల్ల వెనుక ఇరుసుకు వెనుకగా, చాసిస్ అడుగున, చక్రాన్ని పడుకోబెట్టి గొలుసుతో పైకి లాగి బిగిస్తారు. బంపరు దగ్గరి రంధ్రంలోంచి పొడవాటి కడ్డీ దూర్చి తిప్పితే లోపలి పళ్లచక్రం తిరిగి గొలుసు దిగుతుంది, ఎక్కుతుంది. బావి గిలకకు దగ్గరి చుట్టమే.

ఇక్కడి రాళ్ల దారులకు కంపెనీ ఇచ్చిన టైరు చాలదని కొందరు పెద్ద టైర్లు వేయించుకుంటారు. 215/75 ఆర్ 15 స్థానంలో 235/75 ఆర్ 15 వేశారనుకుందాం. లెక్క వేస్తే మొదటిదాని వ్యాసం సుమారు 703 మిల్లీమీటర్లు, రెండోది 733. మూడు సెంటీమీటర్ల తేడా. నాలుగు చక్రాలూ మార్చి, కింద ఎవరికీ కనిపించని అయిదోదాన్ని పాతదే ఉంచేస్తారు. తేలిక అక్కడే జరుగుతుంది. చిన్న స్టెప్నీని వెనుక ఇరుసుకు వేస్తే, అది తన జోడీ కంటే కిలోమీటరుకు సుమారు 18 చుట్లు ఎక్కువ తిరగాలి. తిన్నని రోడ్డు మీద కూడా డిఫరెన్షియల్ పళ్లు విశ్రాంతి లేకుండా అరుగుతూ ఉంటాయి. బరువుతో కెరమెరి ఘాట్ దిగేటప్పుడు రెండు చక్రాలూ ఒకే తీరున బ్రేకును అందుకోవు. రాత్రివేళ ఘాట్ మలుపులో బండి ఒక పక్కకు లాగితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. 108 అంబులెన్సులు 2005లో మొదలయ్యాయి. అంతకుముందూ, దారి బాగాలేని చోట ఆ తరువాతా, నొప్పులు పడుతున్న స్త్రీలను ఉట్నూరుకు చేర్చినవి ఇటువంటి బండ్లే.

ఒక వానాకాలం జైనూర్‌లో రోడ్డు పక్కన ఉన్న మెకానిక్ దుకాణంలో ఈ అయిదో చక్రాన్ని మార్చడం దగ్గరుండి చూశాను. పెద్ద మెకానిక్ కొత్త చక్రాన్ని గొలుసుకు తగిలించి పైకి ఎత్తాడు. ముందు అంచు సైలెన్సర్ గొట్టానికి ఆనింది, వెనుక అంచు బంపరు పట్టీకి తగిలింది. చక్రం సమంగా కూర్చోలేదు. బండి యజమాని పడుచువాడు, తొందరలో ఉన్నాడు.

"అన్నా, జర గాలి తీసి బిగియ్యరాదే?"

"గాలి తీస్తే ఇగ స్టెప్నీ ఎందుకు తమ్మీ? రాత్రి ఘాట్ల గాలి నీకెవడు కొడ్తడు?"

ఆ మాట నాకు బాగా నచ్చింది. గాలి తీసి ఇరికించడం చాలాచోట్ల చేసే పనే. అలా ఇరికించిన చక్రం కుదుపులకు మరింత వదులవుతుంది. అది ఊగే కొద్దీ గొలుసు అరుగుతుంది, ఒకనాడు తెగుతుంది. వెనుక వచ్చే మోటారుసైకిలు వాడి ముందు ముప్ఫై కిలోల దాకా తూగే చక్రం దొర్లుతుంది.

ఆయన వెల్డింగు యంత్రం జోలికి పోలేదు. చాసిస్ దూలానికి మంట తగిలిస్తే దాని బలం పోతుందట. సైలెన్సరును పట్టుకున్న రబ్బరు వేలాడును కాస్త పక్కకు జరిపాడు. గిలకను పట్టుకునే పట్టీని విప్పి, దళసరి ఇనుప పలకకు రంధ్రాలు చేసి, అడ్డదూలానికి ముందే ఉన్న రంధ్రాలలోనే దానిని బోల్టులతో బిగించాడు. గిలక రెండు వేళ్ల మేర వెనక్కి వచ్చింది. బంపరు పట్టీని తగినంత బయటకు జరిపాడు. తరువాత నలుగురు మనుషులను, యూరియా బస్తాలను తొట్టిలో ఎక్కించి తాను బండి కిందికి దూరాడు. బరువుకు పట్టీల స్ప్రింగులు అణిగినప్పుడు ఇరుసు నడుమనున్న గుండు పైకి వస్తుంది. అది స్టెప్నీ ముందు అంచును గుద్దకూడదు. నాలుగు వేళ్ల సందు మిగిలిందని చేయి చూపాడు. కొత్త టైరు వెడల్పు రెండు సెంటీమీటర్లు ఎక్కువ కనుక నేలకు ఆ మేరకు దగ్గరయింది. వాగు దాటి గట్టెక్కేటప్పుడు వెనుకభాగం రాయికి తగలవచ్చని, ఏటవాలుగా ఎక్కాలని హెచ్చరించాడు. గొలుసు తెగినా చక్రం పడిపోకుండా మరో గొలుసు చుట్టి తాళం వేశాడు. అది దొంగల కోసం కూడా. చివరికి గిలకకు దట్టంగా గ్రీజు పట్టించి, నెలకొకసారి దించి ఎక్కించకపోతే తుప్పుపట్టి అవసరానికి దిగదని చెప్పాడు. చాలా బండ్ల స్టెప్నీలు అలాగే బిగుసుకుపోతాయి. చక్రం ఉంటుంది, చేతికి రాదు.

2020లో కేంద్ర ప్రభుత్వం మోటారు వాహనాల నిబంధనలు సవరించి, ట్యూబులెస్ టైర్లు, గాలి తగ్గితే హెచ్చరించే పరికరం, మరమ్మతు సామగ్రి ఉన్న ప్రయాణికుల కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదంది. నగరంలో అది చెల్లుతుంది. టైరు పక్కగోడను రాయి చీల్చితే మరమ్మతు సామగ్రి అక్కరకు రాదు. ఈ కొండల్లో టైరు పోయేది ఎక్కువగా అలాగేనని ఆ దుకాణం మూల పోగుపడిన టైర్లను చూస్తేనే తెలిసింది.

పని పూర్తయ్యాక పాత చిన్న చక్రం గోడకు ఆనించి ఉంది. అప్పటిదాకా గట్టుమీద కూర్చుని చూస్తున్న ఒక గోండు రైతు లేచి వచ్చి, దాని ధర అడిగాడు. ఆయనది టైరుబండి, ఒక పక్క చక్రం పూర్తిగా అరిగిపోయిందట. బేరం కుదిరేలోగా మెకానిక్ చేతిలోని దారం అడిగి తీసుకుని, ఆ చక్రం చుట్టుకొలత కొలిచి ముడి వేసుకున్నాడు. తరువాత దారం పట్టుకుని, రోడ్డవతల చింతచెట్టు కింద విప్పి ఉన్న తన బండి వైపు నడిచాడు, రెండో గీరతో సరిచూసుకోవడానికి.