కొండదారి పొగబండ్లు – చుట్టుచూపు పటములు



చరిత్ర వ్రాయువానికి శాసనము, నాణెము, తాళపత్రము ఎట్టి సాక్షులో ఛాయాచిత్రమును అట్టి సాక్షియే. సాక్షి చెప్పినదెల్ల వ్రాసికొనుటకు ముందు అతడెక్కడ నిలిచి చూచెనో, ఎవరి పక్షమున వచ్చెనో విచారించుట ధర్మాసనములందలి వాడుక. పర్వతములను, వానిపై ప్రాకు పొగబండ్లను ఒక్క పొడుగాటి పటమునం దిమిడ్చినవారి సాక్ష్యమును నేడట్లు విచారింతము.

ఛాయాచిత్రకళ 1839వ సంవత్సరమున లోకమునకు వెల్లడియైనది. ఆ యంత్రపు చూపు కడు నిరుకు. కిటికీలోనుండి చూచువానికి వీధి కొంత మాత్రమే కనబడునట్లు, దానికి కొండల బారులో ఒక్క శిఖరమే చిక్కును. కావున తొలినాటివారు పెట్టెను కొంచెము కొంచెముగ త్రిప్పుచు, వేర్వేరు గాజుపలకలపై చిత్రములు దీసి, ప్రక్కప్రక్కన నతికించిరి. మన తెలంగాణమున నకాషీవారు కులపురాణమును పొడుగాటి గుడ్డపై ఘట్టము వెంబడి ఘట్టముగ వ్రాయుట మీరెఱిగినదే. ఆ పద్ధతియు నిట్టిదే.

ఈ విద్యయందు పేరుగన్నవారిలో అమెరికా దేశస్థుడగు విలియం హెన్రీ జాక్సన్ ఒకడు. 1843లో బుట్టి, 1942 వరకు, అనగా తొంబదితొమ్మిదేండ్లు జీవించెను. 1871లో ప్రభుత్వపు సర్వేదళము వెంట ఎల్లోస్టోన్ సీమకుఁ బోయి ఇతడు తెచ్చిన చిత్రములు, మఱుసటి యేడు ఆ ప్రాంతమును జాతీయోద్యానముగ శాసించుటకు తోడ్పడినవి. ఆ దినములలో గాజుపలకకు మందు పూసి, అది తడి యారకముందే చిత్రము దీసి, అచ్చటనే గుడారపుఁ జీకటిలో కడుగవలెను. గాజు, మందులు, నీరు, గుడారము అన్నియు కంచరగాడిదలపై కొండలెక్కవలసినదే.

కొలరాడో పర్వతములలో 1870లో స్థాపింపబడిన డెన్వర్–రియోగ్రాండ్ రైలు సంఘమువారు మూడడుగుల సన్నపట్టాలు వేసిరి. సన్నపుదారి కొండమలుపులలో సులువుగ తిరుగును, వ్యయమును తక్కువ. 1882లో డురాంగో నుండి వెండిగనుల పట్టణమగు సిల్వర్టన్ వరకు నలువదియైదు మైళ్లు అనిమాస్ నదీలోయ వెంబడి దారి పూర్తియైనది. ఒకచోట శిలను దొలిచి, పాతాళమువంటి లోయ యంచున పట్టాలు పఱచిరి. సంఘమువారు జాక్సనుకు ప్రత్యేకముగ బండి నొసగిరి. అతడు కోరినచోట బండి నిలుచును. అతడు తృప్తిపడినపిదప కదలును. కొండ యంచున నిలిచిన చిన్న బండి, క్రింద నది, మీద శిఖరములు గల ఆ చిత్రములు నేటికిని మనోహరములు.

అయినను బండి నిచ్చినవారెవరు? యాత్రికులను రప్పింపఁగోరిన సంఘమువారే. కావున ఆ పటములలో కొండలు నిర్జనములై కనబడును. ఆ పర్వతములు యూట్ జాతివారి నివాసము. 1873 నాటి యొడంబడికచే వారు ఆ గనుల సీమను వదలుకొనవలసివచ్చెను. 1881లో వారిలో పెక్కుమందిని యూటా సీమకు వెడలగొట్టిరి. ఆ చిత్రములయం దీ కథ లేదు. చిత్రకారుడు అబద్ధ మాడలేదు. అతనిని నిలిపినచోటు అట్టిది.

గాజు పోయి, చుట్టగాఁ జుట్టదగిన ఫిల్మ్ వచ్చినపిదప చుట్టుచూపు పటము సులభమైనది. 1904లో జాన్‌స్టన్ అనునాతడు సర్కట్ అను కెమేరాకు హక్కుపత్రము పొందెను. ముక్కాలిపీటపై ఈ పెట్టె గానుగయెద్దువలె మెల్లగఁ దిరుగును. లోపలి ఫిల్మ్ సన్నని చీలిక వెనుకగా దానికెదురుగ జరుగును. దిక్కులన్నియు నొక్క పటమున వ్రాయబడును. ఈ కెమేరాలు 1949 వరకు తయారైనవి.

ఇచ్చటనే విచిత్రమొకటి కలదు. పెట్టె యెదుట నిలిచిన తిన్నని బండి ఈ పటమున విల్లువలె వంగును. పెట్టెను మధ్య నుంచుకొని గుండ్రముగఁ దిరుగు పట్టా తిన్ననగును. డార్జిలింగు కొండబండి ఇందుకు మంచి నిదర్శనము. రెండడుగుల పట్టాలపై 1881లో డార్జిలింగు చేరి, ఘూమ్ కడ 7,407 అడుగుల యెత్తున కెక్కు ఆ దారిలో, 1919 నాటి బతాసియా చుట్టు కలదు. దాని నడుమ నిట్టి పెట్టె నిలిపి త్రిప్పినచో, చుట్టు చాలవఱకు విప్పిన త్రాడువలె పఱచుకొనును. ఆకాశము నిర్మలమైననాడు పైని కాంచనగంగ నిలుచును.

ఇది త్రాటియందు పామును జూచుటవంటి భ్రమ యందురా? నేనట్లనను. చీలిక ఏ క్షణమున దేనిని చూచెనో దానినే వ్రాసినది. కాని క్షణములు వేఱు. పటమునకు కుడిచివర నున్నది ఎడమచివర నున్నదానితో ఏకకాలమున జరిగినది కాదు. బండి పెట్టె తిరుగు దిక్కుననే పోయినచో పొడుగుగను, ఎదురుగ వచ్చినచో కుదించుకొనియు కనబడును. పటము గొలిచి పెట్టెల నిడివి నిర్ణయింపఁబోవు చరిత్రకారుడు దీని నెఱుగవలెను. సామూహిక చిత్రములు దీయునపుడు తుంటరి బాలుడు ఒకచివర నిలిచి, వెనుకగా పరుగెత్తి, రెండవచివరను గూడ దర్శనమిచ్చుట పశ్చిమదేశములందు ప్రసిద్ధమైన అల్లరి. బడిలో హాజరు పిలిచినవాడను గనుక ఆ పిల్లవాని తెలివిని మెచ్చుకొనక తప్పదు.

డార్జిలింగు బండిని 1999లో యునెస్కో వారు ప్రపంచవారసత్వముగ గుర్తించిరి. సిల్వర్టన్ దారియు యాత్రికులకై నిలిచినది. పట్టాలకన్న పటములే దుర్బలములు. పాత ఫిల్మ్ నైట్రేటుతోఁ జేసినది. తనంత తాను కుళ్లును, నిప్పంటినచో ఆర్పుట దుస్తరము. పొడుగాటి కాగితపు ప్రతులు ఏండ్లతరబడి చుట్టగ నుండి పెళుసెక్కును. మీ యిండ్లలోఁ గాని, బడి బీరువాలోఁ గాని అట్టి చుట్ట యున్నచో, పండుగనాడు చుట్టములకు చూపవలెనని బలిమిని విప్పకుడు, నిలువునఁ బగులును. పత్రరక్షణ మెఱిగినవారు దానిని నీటికి తగులనీయక, మూసిన పెట్టెలో తేమగాలి సోకించి, మెత్తబడినపిదప కొంచెము కొంచెముగ విప్పి, అద్దుడుకాగితముల నడుమ నుంచుదురు. అంతవఱకు దానిని చుట్టగనే, ఎండ తగులనిచోట నుంపుడు. వెనుకవైపున పేర్లును, ఊరును, సంవత్సరమును వ్రాసియున్నచో వానిని ముందుగ వేఱొక కాగితమునకు నెత్తి వ్రాసికొనుడు.