థైరాయిడ్ మాత్రకు పేరు మారినప్పుడు

ఉగాది నాడు పంచాంగ శ్రవణము చేసి, రాబోవు సంవత్సరపు ఆదాయ వ్యయములు తెలిసికొనుట మన పెద్దలు ఏర్పరచిన ఆచారము. ఆరోగ్యమునకు కూడ అటువంటి లెక్క ఒకటి ఉండుట మంచిదని తలచి, నాందేడులోని మన తెలుగు ఇండ్లలో పలువురు ప్రతి ఉదయము వేసికొను ఒక చిన్న మాత్ర చరిత్రను ఈ సంచికలో వ్రాయుచున్నాము. అది థైరాయిడ్ మాత్ర.

మన ఊరి పరిస్థితిని బట్టి ఈ విషయము మనకు మరింత ముఖ్యము. నాందేడు జిల్లా 1956 నవంబరు 1 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిది. ఆ దినమున బొంబాయి రాష్ట్రములో చేరి, 1960 మే 1 నుండి మహారాష్ట్రలో భాగమైనది. రాష్ట్రము మారినను మన బంధుత్వములు మారలేదు. పెద్ద వైద్యమునకు హైదరాబాదు పోవు అలవాటును మారలేదు. అందుచేత చీటీ హైదరాబాదులో వ్రాయించుకొనుట, మందు నాందేడులో కొనుట, అది అయిపోగానే పూనా నుండియో, నిజామాబాదు నుండియో పిల్లలు మరియొక సీసా తెచ్చుట మనకు మామూలే. ఒకచోట ఎల్ట్రాక్సిన్, ఒకచోట థైరోనార్మ్, మరొకచోట థైరాక్స్ చేతికి వచ్చును. మూడింటిలోను మందు ఒక్కటే. దాని పేరు లీవోథైరాక్సిన్ సోడియం. మందు ఒక్కటే అయినప్పుడు పేరు మారిన చిక్కేమి? ఈ ప్రశ్నకు జవాబు ఆ మందు పుట్టి పెరిగిన కథలోనే ఉన్నది.

గొంతు ముందుభాగమున ఉండు థైరాయిడ్ గ్రంథి చాలినంత రసము నీయనప్పుడు మనిషి మందగించును, ఒళ్లు ఉబ్బును, చలి హెచ్చుగా తోచును. 1891లో ఇంగ్లండులోని న్యూకాసిల్ నగరమున జార్జి ముర్రే అను వైద్యుడు గొఱ్ఱెల థైరాయిడ్ నుండి తీసిన రసమును ఇట్టి జబ్బుతో ఉన్న 46 ఏండ్ల స్త్రీకి సూదిమందుగా ఇచ్చినాడు. ఆమె కోలుకొని మరి 28 సంవత్సరములు జీవించినది. మరుసటి ఏటనే ఈ మందును నోటి ద్వారా కూడ ఇయ్యవచ్చునని తేలినది. కాని గొఱ్ఱెకును గొఱ్ఱెకును రసములో తేడా ఉండును గదా! ఒక సీసాలోని బలము మరియొక సీసాలో ఉండెడిది కాదు. ఈ మందునకు మొదటి నుండి ఉన్న చిక్కు ఇదే.

ఆ రసములోని అసలు పదార్థమును 1914 డిసెంబరు 25న అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఎడ్వర్డ్ కెండాల్ స్ఫటిక రూపమున వేరుచేసినాడు. 1927లో హారింగ్టన్, బార్జర్ అనువారు దానిని రసాయనశాలలో తయారుచేసినారు. దాని సోడియం లవణము 1950 ప్రాంతమున మాత్రగా వాడుకలోనికి వచ్చినది. ఇప్పుడు మోతాదును మైక్రోగ్రాములలో కొలుతురు. నూరు మైక్రోగ్రాములనగా ఒక మిల్లీగ్రాములో పదవ వంతు. ఇంత స్వల్పమైన కొలతలో కొద్ది తేడా వచ్చినను కొందరి శరీరము దానిని గుర్తుపట్టును.

కొద్ది పరిమాణము, కాని ప్రతిదినము: థైరాయిడ్ విషయములో ఈ సూత్రమును మన దేశమున వేలమందిపై నిరూపించినవారిలో ఒకరు మన తెలుగువారే. శ్రీకాకుళమున 1921లో జన్మించిన డాక్టరు వులిమిరి రామలింగస్వామి 1956 నుండి కాంగ్రా లోయలో అయొడిన్ కలిపిన ఉప్పును ప్రజలకిప్పించి, గొంతువాపు తగ్గునని సహచరులతో కలిసి చూపినారు. 1962లో ప్రభుత్వము దేశవ్యాప్తముగా ఆ పని చేపట్టినది. ఉప్పుతో గొంతువాపు తగ్గినను, ఇతర కారణములచేత గ్రంథి చెడినవారికి మాత్ర తప్పదు.

ఇక కంపెనీల తగవు. అమెరికాలో 1987లో బెట్టీ డాంగ్ అను పరిశోధకురాలు సింత్రాయిడ్ అను ప్రసిద్ధమైన మాత్రను, మరి మూడు రకముల మాత్రలను సరిపోల్చుటకు పూనుకొన్నది. ఆ పరిశోధనకు ధనమిచ్చినది సింత్రాయిడ్ కంపెనీయే. నాలుగును సమానములే అని ఫలితము వచ్చినది. కంపెనీ అడ్డుపడుటచే అది 1997లో గాని అచ్చు కాలేదు. అదే సంవత్సరము ఆ దేశపు ప్రభుత్వ మందుల శాఖ మాత్రల బలము నిలకడగా లేదని చెప్పి, ప్రతి కంపెనీ కొత్తగా అనుమతి పొందవలెనని ఆజ్ఞాపించినది. 2007లో మందు బలము చెప్పినదానిలో 95 నుండి 105 శాతము లోపల ఉండవలెనని నియమము బిగించినది. అనగా ఖరీదైన పేరే మేలైనదనుట తప్పు. అన్నియు ఎల్లప్పుడును ఒక్కటే అని నిశ్చింతగా ఉండుటయు తప్పు.

ఫ్రాన్సు కథ ఇంకను ఆలోచింపదగినది. అక్కడ 2017 మార్చిలో లీవోథైరాక్స్ అను మాత్రలో మందును మార్చకయే, దానితో కలుపు పదార్థములను మాత్రము మార్చినారు. బలము నిలకడగా ఉండవలెననియే ఆ మార్పు. అయినను అలసట, తలనొప్పి, జుట్టు రాలుట మొదలగు బాధలు కలిగినవని వేలమంది మొరపెట్టినారు. ఆ సంవత్సరమే పాత రకమును మరల తెప్పించవలసి వచ్చినది. 2020లో లియోన్ న్యాయస్థానము, మార్పును గూర్చి రోగులకు సరిగా తెలుపలేదని కంపెనీని తప్పుపట్టి, మూడువేలకు పైబడిన ఫిర్యాదుదారులకు తలకు వెయ్యి యూరోలు ఇప్పించినది.

దీని నుండి మనము నేర్చుకొనవలసినది ఒక్కటే. మాత్ర మారుట నేరము కాదు. తెలియకుండ మారుట ప్రమాదము. మన ఇండ్లలో మరాఠీగాని ఇంగ్లీషుగాని చదువలేని అమ్మమ్మలు, నాయనమ్మలు సీసా రంగును బట్టియే మందును గుర్తుపట్టుదురు. రంగు మారిన కొత్త మందనుకొని పాతదానితోపాటు దీనిని కూడ వేసికొనవచ్చును. మన మందు కాదని మానివేయనూవచ్చును. కనుక ఇంటిలోని చదువుకొన్న పిల్లలు సీసాపై మందు పేరు, మైక్రోగ్రాములు, మార్చిన తేదీ తెలుగులో వ్రాసి అంటించవలెను. సాధ్యమైనంతవరకు ఒకే కంపెనీ మాత్రను వాడవలెను. తప్పనిసరియై మార్చినచో డాక్టరుకు చెప్పి, ఆరు నుండి ఎనిమిది వారముల తరువాత టి.ఎస్.హెచ్. పరీక్ష చేయించుకొనవలెను; ఈ మందు ఒంటిలో నిదానముగా పనిచేయుటచే అంతకు ముందు అసలు సంగతి తేలదు. గర్భిణులు, గుండెజబ్బు గల వృద్ధులు మరింత జాగ్రత్తగా ఉండవలెను. మాత్రను పరగడుపున నీళ్లతో వేసికొని, కాఫీకి అర్ధగంటయైనను ఆగవలెను. ఇనుము, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడము ఉండవలెను. మన నాందేడు ఎండలకు సీసాను కిటికీ దగ్గర, పొయ్యి దగ్గర ఉంచరాదు.

ఉగాది పచ్చడిలో ఆరు రుచులును తగుపాళ్లలో కలిసినప్పుడే దానికి అందము. మందునకును పాళ్లు తప్పరాదు. గుడీపాడ్వా జరుపుకొను మన మరాఠీ ఇరుగుపొరుగులతో కూడ ఈ మాట చెప్పుదము. నూతన సంవత్సరమున మన సోదర సోదరీమణులందరికిని ఆయురారోగ్యములు కలుగుగాక!