కవల జన్యువుల రాత

చరిత్ర అనగానే మనకి రాజులు, కోటలు, యుద్ధాలు, తేదీలు గుర్తొస్తాయి. శాసనాలు, నాణేలు, తాళపత్రాలు చూసి చరిత్ర రాస్తారని సోషల్ పుస్తకంలో చదువుకున్నాం. మన ఒంట్లో కూడా ఒక పాత గ్రంథం ఉంది. దాని పేరు డీఎన్ఏ. ఆ గ్రంథంలో ఒక వింత సంగతిని శాస్త్రవేత్తలు ఎలా కనిపెట్టారు, ఆ సంగతికీ మన ఒడిశా పల్లెల్లో కనిపించే ఒక జబ్బుకీ సంబంధం ఏమిటి అన్నదే ఈ వ్యాసం.

ముందుగా జన్యు కుటుంబం అంటే ఏమిటో చెప్పుకుందాం. డీఎన్ఏలో ఒక్కోసారి ఒక జన్యువుకు పొరపాటున రెండో ప్రతి తయారవుతుంది. అలా ఒకటి రెండు, రెండు నాలుగు అయి, ఒకే మూలం నుంచి పుట్టిన జన్యువులన్నీ ఒక కుటుంబం అవుతాయి. జపాన్ మూలాలున్న సుసుము ఓనో అనే శాస్త్రవేత్త 1970లో దీని మీద ఒక పుస్తకమే రాశాడు. ఒక ప్రతి పాత పని చేస్తూ ఉంటే రెండోది మారడానికి స్వేచ్ఛ దొరుకుతుంది, కొత్త పనులు చేసే జన్యువులు ఎక్కువగా ఇలాగే పుట్టాయి అని ఆయన వాదించాడు.

మన రక్తంలోని హిమోగ్లోబిన్ జన్యువులు ఇలాంటి కుటుంబమే. 11వ క్రోమోజోము మీద ఐదు జన్యువులు వరసగా ఉంటాయి. పిండం మొదటి వారాల్లో ఎప్సిలాన్ పనిచేస్తుంది. తర్వాత కడుపులో బిడ్డ పెరిగే నెలల్లో రెండు గామా జన్యువులు పనిచేస్తాయి. పుట్టాక అవి నెమ్మదిగా ఆగిపోయి బీటా పని అందుకుంటుంది. డెల్టా కూడా కొంచెం పనిచేస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు బాధ్యత అప్పగించినట్టు అన్నమాట.

ఇందులో గామా జన్యువులు రెండు ఎందుకున్నాయి? 1968లో వాల్టర్ ష్రోడర్, టైటస్ హ్యూస్మన్ బృందం పుట్టబోయే బిడ్డ హిమోగ్లోబిన్‌ని పరీక్షించి, గామా గొలుసులు రెండు రకాలని చూపించింది. 146 అమినో ఆమ్లాల గొలుసులో 136వ చోట ఒకదానిలో గ్లైసీన్, రెండోదానిలో అలనిన్ ఉన్నాయి. మిగతాదంతా ఒకటే! ఈ రెండు జన్యువులూ విడిపోయి కోట్ల ఏళ్ళయింది. వేరు కాపురాలు పెట్టిన అన్నదమ్ముల పిల్లలు రెండు మూడు తరాలకే వేరువేరుగా తయారవుతారు. మరి కోట్ల ఏళ్ళ తర్వాత కూడా ఈ రెండూ కవల పిల్లల్లా ఎలా ఉన్నాయి?

దీనికి జవాబు రక్తం దగ్గర మొదలవలేదు. బూజు, ఈస్టు దగ్గర మొదలైంది.

మెండల్ లెక్క ప్రకారం ఈస్టు కణం విభజన చెంది నాలుగు బీజాలు ఇస్తే, తల్లి జన్యువు రెండింటికి, తండ్రి జన్యువు రెండింటికి రావాలి. కానీ కొన్నిసార్లు ఈ లెక్క తప్పేది. హాన్స్ వింక్లర్ అనే జర్మన్ వృక్షశాస్త్రవేత్త 1930లో దీనికి 'జన్యు మార్పిడి' అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఒక జన్యువు తన జత జన్యువుని తనలా మార్చేస్తుందని ఆయన ఊహ. అంతకు పదేళ్ళ ముందు 'జీనోమ్' అనే మాట పుట్టించింది కూడా ఈయనే. కానీ జన్యు మార్పిడిని ఎక్కువమంది నమ్మలేదు. తర్వాత అమెరికాలో కార్ల్ లిండెగ్రెన్ ఈస్టులో రెండుకి రెండు రావాల్సిన చోట మూడుకి ఒకటి రావడం చూసి, ఇది జన్యు మార్పిడే అన్నాడు. మిగతావాళ్ళు ఒప్పుకోలేదు. లెక్కలో తేడా వచ్చిందనో, కణంలో క్రోమోజోములు ఎక్కువ ఉన్నాయనో సర్దిచెప్పారు.

1955లో మేరీ మిచెల్ అనే శాస్త్రవేత్త న్యూరోస్పోరా అనే బూజు మీద జాగ్రత్తగా ప్రయోగం చేసింది. విటమిన్ బి6 తయారు చేసుకోలేని రకాలను తీసుకుని, పక్కనున్న ఇతర జన్యువులను కూడా గుర్తులుగా పెట్టుకుంది. ఆ గుర్తులన్నీ మామూలు లెక్క ప్రకారమే వచ్చాయి. మధ్యలో ఉన్న ఆ ఒక్క జన్యువు లెక్క మాత్రం మారింది. దాంతో 'లెక్క తప్పు' అనే వాదానికి బలం పోయింది. మార్పిడి నిజంగానే జరుగుతోందని అందరూ ఒప్పుకోవాల్సి వచ్చింది. వింక్లర్ ఆ మాట అన్న 25 ఏళ్ళకి!

ఇది ఎలా జరుగుతుందో తాళపత్రాలతో చెబితే సులువుగా అర్థమవుతుంది. ఒక ఇంట్లో ఒకే కావ్యానికి రెండు ప్రతులు ఉన్నాయి అనుకోండి. ఒకదానిలో రెండు ఆకులు చెదలు తినేశాయి. అప్పుడు లేఖకుడు రెండో ప్రతి తీసి, చూసి, ఆ రెండు ఆకులూ తిరగరాస్తాడు. రెండో ప్రతికి ఏ నష్టమూ లేదు. మొదటి ప్రతిలో మాత్రం ఆ భాగం అచ్చం రెండోదానిలా అయిపోతుంది. పాత ప్రతిలో ఏదైనా పాఠభేదం ఉండి ఉంటే అది మాయం. కణంలో కూడా ఇంతే. డీఎన్ఏ పోగు తెగితే, దాన్ని పోలిన ఇంకో పోగుని చూసి కణం బాగుచేసుకుంటుంది. రాబిన్ హాలిడే 1964లో దీనికి ఒక నమూనా ఇచ్చాడు. 1983లో షోస్టాక్, ఆర్-వీవర్, రాత్‌స్టీన్, స్టాల్ కలిసి, రెండు పోగులూ తెగినప్పుడు జరిగే మరమ్మతుతో దీన్ని వివరించారు.

ఇప్పటిదాకా చెప్పింది జత క్రోమోజోముల మీద ఉన్న ఒకే జన్యువు సంగతి. మరి ఒకే కుటుంబంలోని వేరువేరు జన్యువుల మధ్య కూడా ఇలా జరుగుతుందా? 1972లో డొనాల్డ్ బ్రౌన్ బృందం ఆఫ్రికా కప్పల్లో రెండు జాతులని పోల్చింది. రైబోజోముల కోసం పనిచేసే ఒక జన్యువుకి ఆ కప్పల్లో వందల ప్రతులు ఉంటాయి. ఆ ప్రతుల మధ్యనున్న ఖాళీ భాగాలు ఒక జాతి కప్పలో అన్నీ ఒకేలా ఉన్నాయి. పక్క జాతి కప్పలో కూడా అన్నీ ఒకేలా ఉన్నాయి. కానీ ఈ జాతివీ ఆ జాతివీ కలవడం లేదు. వందల ప్రతులు దేనికది మారిపోకుండా, ఊరంతా ఒక్క మాట మీద నిలబడ్డట్టు కలిసి మారాయన్నమాట. ప్రతులు దేనికది విడిగా మారుతూ పోతే ఇది జరగదు. ఈ రకం పరిణామాన్ని తర్వాత 'సమష్టి పరిణామం' అనే అర్థం వచ్చే పేరుతో పిలిచారు. దీనికి లెక్కలు కట్టినవాళ్ళలో జపాన్ శాస్త్రవేత్త తొమోకో ఓతా ముఖ్యురాలు.

గామా జన్యువుల ముడి 1980లో విడింది. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో స్లైటమ్, బ్లెక్ల్, ఆలివర్ స్మితీస్ ఒకే మనిషి రక్త జన్యువులని అక్షరం అక్షరం చదివారు. ఆ మనిషికి ఒక క్రోమోజోము తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి వచ్చింది కదా. మామూలుగా అయితే అలనిన్ గామా జన్యువు రెండో క్రోమోజోము మీదున్న తన జతనే ఎక్కువగా పోలి ఉండాలి. కానీ జన్యువు మొదటి మూడింట రెండు వంతుల్లో అది తన పక్కనే ఉన్న గ్లైసీన్ గామాని పోలి ఉంది. మిగతా భాగంలో మాత్రం తన జతని పోలి ఉంది. రెండు భాగాల సరిహద్దులో చిన్న చిన్న అక్షరాలు పదేపదే వచ్చే ఒక ముక్క ఉంది. పక్క జన్యువుని చూసి అంతవరకు తిరగరాసి, అక్కడ ఆపేసినట్టు! తిరగరాసిన ఆకులు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిశాయో చేతిరాత చూసి చెప్పినంత స్పష్టంగా అది కనిపించింది.

అయితే ఈ మార్పిడి ఎప్పుడూ మంచే చేస్తుందా అంటే, లేదు. చూసి రాసే పిల్లవాడు పక్కవాడి తప్పుని కూడా రాసేస్తాడు. మన 6వ క్రోమోజోము మీద అడ్రినల్ గ్రంథికి అవసరమైన ఒక జన్యువు పక్కనే, చెడిపోయి పని మానేసిన దాని ప్రతి ఒకటి ఉంది. మంచి జన్యువు ఆ చెడిపోయినదాన్ని చూసి రాసుకుంటే బిడ్డకి పుట్టుకతోనే హార్మోన్ల జబ్బు వస్తుంది. కోళ్ళలో మాత్రం ఇదే పని మేలు చేస్తుంది. అవి రోగాలతో పోరాడే ప్రతిరక్షకాలని రకరకాలుగా తయారు చేసుకోవడానికి, పక్కనున్న పనిచేయని జన్యువుల నుంచి ముక్కలు తెచ్చుకుంటాయి. అంటే ఒకే పని ఒక చోట అన్నిటినీ ఒకేలా చేస్తుంది, ఇంకో చోట వైవిధ్యం ఇస్తుంది. అన్ని జన్యు కుటుంబాలూ ఇలాగే నడుస్తాయని కూడా అనుకోకూడదు. కొత్త ప్రతులు పుట్టడం, పాతవి చావడం వల్లే చాలా కుటుంబాలు మారాయని మసతోషి నెయ్ వాదించాడు. ఇప్పుడు శాస్త్రవేత్తలు రెండింటినీ ఒప్పుకుంటారు. ఏ కుటుంబంలో ఏది ఎంత అన్నదే ప్రశ్న.

ఇక మన సంగతికి వద్దాం. సికిల్ సెల్ జబ్బు బీటా జన్యువులో ఒక్క అక్షరం మారడం వల్ల వస్తుంది. ఇది జన్యు మార్పిడి వల్ల వచ్చింది కాదు. ఎర్ర కణం కొడవలిలా వంగి, రక్తనాళాల్లో ఇరుక్కుని, భరించలేని నొప్పులు తెస్తుంది. మన దేశంలో దీన్ని మొదట 1952లో నీలగిరి కొండల గిరిజనుల్లో గుర్తించారు. పశ్చిమ, దక్షిణ ఒడిశా జిల్లాల్లో ఇది ఎక్కువగానే ఉంది. 1948లో జానెట్ వాట్సన్ అనే అమెరికా పిల్లల డాక్టరు ఒక సంగతి గమనించింది. పుట్టిన కొత్తలో బిడ్డల రక్తకణాలు అంతగా వంగడం లేదు. కారణం గామా హిమోగ్లోబిన్ అని ఆమె చెప్పింది. మన ఆ కవల జన్యువులే! 1986లో కులోజిక్ బృందం ఒడిశా, తూర్పు సౌదీ అరేబియా రోగుల డీఎన్ఏ పరీక్షించి, ఈ మార్పు ఆసియాలో విడిగా పుట్టిందని చెప్పింది. ఈ రకం ఉన్నవాళ్ళలో పెద్దయ్యాక కూడా గామా హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉంటుంది. అందుకే చాలామందిలో జబ్బు కొంత తక్కువగా బాధిస్తుంది. కానీ అందరికీ కాదు.

ఇప్పుడు వాడే హైడ్రాక్సీయూరియా మందు చేసే ముఖ్యమైన పని కూడా గామాని పెంచడమే. 2023 చివరలో బ్రిటన్, అమెరికా ఆమోదించిన కొత్త జన్యు చికిత్స, పుట్టాక గామాని ఆపేసే స్విచ్చిని బలహీనం చేస్తుంది. అమెరికాలో దాని ధర సుమారు 22 లక్షల డాలర్లు. మన పల్లెల్లో ఎవరికి అందుతుంది? మనకి ఇప్పుడు అందేది రక్తపరీక్ష. 2023లో మన ప్రభుత్వం 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని కార్యక్రమం మొదలుపెట్టింది. తల్లీ తండ్రీ ఇద్దరిలో ఈ జన్యువు ఒక్కొక్కటి ఉంటే, ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం ఉంటుంది. ఒక్క తల్లి వల్లే ఎప్పుడూ రాదు. అయినా చాలా ఇళ్ళలో కోడలినే అంటారు. శాపం అంటారు, తలరాత అంటారు.

తలరాత అనే మాటే వాడాలంటే, ఈ చరిత్ర చెప్పేది వేరు. ఆ రాత చదవగలం. కణమే దాన్ని కోట్ల ఏళ్ళుగా చూసి తిరగరాసుకుంటూ వచ్చింది. కణం చేసే ఆ పనినే వాడుకుని, స్మితీస్ తర్వాత ఒక జన్యువు చోట మనకి కావలసిన డీఎన్ఏని చేర్చే పద్ధతి కనిపెట్టి 2007లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. నాలుగు ఈస్టు బీజాల్లో రెండు రావాల్సిన చోట మూడు వచ్చినప్పుడు ఆ లెక్కని కొట్టేయకుండా ఉంచుకున్నవాళ్ళ వల్లే ఇదంతా మొదలైంది. అమ్మానాన్నలకీ, టీచర్లకీ, తోటి విద్యార్థులకీ నా మనవి ఒకటే. ఊళ్ళో ఆశా అక్క రక్తపరీక్షకి పిలిచినప్పుడు సిగ్గుపడకుండా వెళ్దాం. జబ్బున్న పిల్లలని వేరుగా చూడకుండా పక్కన కూర్చోబెట్టుకుందాం.