మనస్తత్వశాస్త్రంలో పిహెచ్‌డి (తెలంగాణ)

ఇది సాధారణంగా ఎం.ఏ. లేదా ఎమ్మెస్సీ తర్వాత సొంత పరిశోధనతో పొందే పట్టా. భారతదేశంలో మనస్తత్వశాస్త్రానికి తొలి విశ్వవిద్యాలయ శాఖ 1916లో కలకత్తాలో ఏర్పడింది. తెలుగునాట 1960వ దశకంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఈ శాఖకు పునాది వేసినవారు కోనేరు రామకృష్ణారావు. హుస్నాబాద్ వంటి చిన్న పట్టణాల విద్యార్థులు ఈ పరిశోధనకు సాధారణంగా హైదరాబాద్‌లోని ఉస్మానియా, కేంద్రీయ విశ్వవిద్యాలయాల వైపు చూస్తారు.

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీజీ చేసి వచ్చేవారికి అందులో 55 శాతం మార్కులుండాలి. రిజర్వుడు వర్గాలకు 5 శాతం సడలింపు ఉంది. కోర్సువర్కుతో కలిపి కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6 ఏళ్లు. మహిళలకు మరో 2 ఏళ్లు ఇవ్వవచ్చు.

అసలు కష్టం ప్రవేశం తర్వాతే. పరిశోధనలో వాడేందుకు, ఇంగ్లిషులో తయారైన ప్రశ్నావళిని తెలుగులోకి మార్చి, వేరొకరితో తిరిగి ఇంగ్లిషులోకి రాయించి, రెండింటినీ పోల్చాలి. ఆపై స్థానికుల మీద పరీక్షించి, విశ్వసనీయత లెక్కగట్టాలి. ‘మనసు బాగలేదు’, ‘రంది పెట్టుకున్నడు’ అనే స్థానిక మాటల్లోని బాధ పట్టణపు తెలుగు ప్రశ్నకు అందకపోవచ్చు. గల్ఫ్‌కు వెళ్లినవారి కుటుంబాలు, అప్పుల్లో ఉన్న రైతులు వంటి అంశాలకు ఉత్తర తెలంగాణ ముఖ్యమైన పరిశోధనా క్షేత్రం. నైతికతా పరిశీలక సంఘం అనుమతి, పాల్గొనేవారి సమ్మతి తప్పనిసరి.

పిహెచ్‌డి వచ్చినంత మాత్రాన చికిత్స చేసే అర్హత రాదు. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే భారత పునరావాస మండలి గుర్తించిన శిక్షణ, నమోదు ఉండాలి.