ముజఫర్ జంగ్ హక్కు

మూసీ ఒడ్డున చార్‌మహల్‌లో 1756లో ఫ్రెంచి సేనాని బుస్సీ పటాలంతో తిష్ఠవేసి, నిజాం బలగాల ముట్టడిని కాచుకున్నాడు. బొబ్బిలి యుద్ధం చెప్పవలసి వచ్చినప్పుడల్లా నేను ఇక్కడినుంచే మొదలు పెడతాను. "బొబ్బిలికీ మన పాతబస్తీకీ ఏం సంబంధం సార్?" అంటారు పిల్లలు. సంబంధం ముజఫర్ జంగ్ దగ్గర ఉంది.

1748లో మొదటి నిజాం అసఫ్‌జా బుర్హాన్‌పూర్‌లో చనిపోయాడు. పెద్దకొడుకు ఢిల్లీలో ఉన్నాడు. ఖజానా, సైన్యం చేజిక్కించుకుని రెండో కొడుకు నాసిర్ జంగ్ గద్దె నెక్కాడు. కూతురి కొడుకు ముజఫర్ జంగ్, దక్కన్ తనదన్నాడు. తాత తనకే ఇచ్చిపోయాడన్నాడు, మొగలు పాదుషా ఫర్మానా ఉందన్నాడు. ఆ కాగితాల్లో ఏది అసలో ఏది నకిలీయో తేల్చే శ్రమ నాకు వృథా అనిపిస్తుంది. 1741లో కన్నతండ్రి మీదే కత్తి దూసిన కొడుకు హక్కెంత? మనవడి హక్కెంత? పాదుషా ఫర్మానాకంటే తుపాకి మాట చెల్లే రోజులవి.

తుపాకులు పుదుచ్చేరిలో ఉన్నాయి. ఆ ఏడే యూరపులో ఆస్ట్రియా వారసత్వ యుద్ధం ముగిసింది. చేతిలో మిగిలిన పటాలాన్ని డూప్లే ఇక్కడి వారసత్వ యుద్ధానికి అరువిచ్చాడు. 1749 ఆగస్టులో ఆంబూరు దగ్గర ఆర్కాటు నవాబు అన్వరుద్దీన్ హతుడయ్యాడు. మరుసటేడు నాసిర్ జంగ్ పెద్ద సైన్యంతో దిగేసరికి ఫ్రెంచి అధికారులు కొందరు వాటాల పేచీ పెట్టి కొలువు వదిలారు. ముజఫర్ జంగ్ మేనమామకు లొంగి ఖైదీ అయ్యాడు. 1750 డిసెంబరులో, సెంజి దగ్గర ఫ్రెంచివాళ్లు దాడి చేసిన వేళ, ముందే కుట్రలో చేరిన కడప నవాబు నాసిర్ జంగ్‌ను చంపాడు. ఖైదీ సుబేదారయ్యాడు.

మచిలీపట్నం ఫ్రెంచి కంపెనీకి దక్కింది. పఠాను నవాబులకు మాత్రం ఆశపడినంత దక్కలేదు. 1751 ఫిబ్రవరిలో, రాయచోటి ప్రాంతాన, వాళ్ల తిరుగుబాటులో ముజఫర్ జంగ్ చనిపోయాడు. రెండు నెలలు నిండిన ఏలుబడి కూడా కాదు. సుబేదారుగా హైదరాబాదులో కాలు పెట్టనేలేదు.

హక్కుదారు పోయినా పటాలం పోలేదు. శిబిరంలో బందీగా ఉన్న అసఫ్‌జా మరో కొడుకు సలాబత్ జంగ్‌ను బుస్సీ గద్దె ఎక్కించాడు. ముజఫర్ జంగ్‌కు పసివాడైన కొడుకున్నాడు. అంత రక్తం పారించిన ఆ హక్కు ఈ పసివాడి దగ్గరికొచ్చేసరికి ఎవరికీ పట్టలేదు!

పటాలానికి జీతాలు కావాలి. 1753లో సలాబత్ జంగ్ శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, ముస్తఫానగరం సర్కార్ల రాబడిని అందుకోసం రాసిచ్చాడు. చార్‌మహల్ ముట్టడి తీరాక బుస్సీ ఆ రాబడి దిటవు చేసుకోవడానికి ఉత్తరాదికి నడిచాడు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట కూలింది. బొబ్బిలి, విజయనగరాల పగ అబద్ధం కాదు. కాని ఆ పగ దగ్గరికి ఫ్రెంచి ఫిరంగులు నడిచింది శిస్తు దారిన. నేను విన్న బొబ్బిలి కథల్లో పాపారాయుడి పౌరుషమే తప్ప ఈ లెక్క లేదు.

కిందటేడు వెనక బెంచీ కుర్రవాడొకడు లేచి, "మరి ఆ జీతాల డబ్బు చివరికి ఎవరిచ్చారు సార్?" అన్నాడు. బోర్డు మీద నాలుగు సర్కార్ల పేర్లూ రాసి, అక్కడి పంటలేమిటో చెప్పమన్నాను.