పాత విమానమునకు నిజమైన మేకు

చరిత్ర శాసనములందును గ్రంథములందును మాత్రమే యున్నదని తలంచుట మనకు వాడుక. కాని యొక మేకునందు, ఒక మరబిళ్ళయందు, తుప్పుపట్టిన యొక రేకునందు సైతము చరిత్ర దాగియుండును. పాతయుద్ధవిమానములను వెనుకటి రూపమునకు దెచ్చు పని నేడు పెక్కుదేశములందు సాగుచున్నది. ఆ పనికి ధనము కావలెను, పనివారు కావలెను. అన్నిటికంటె దుర్లభమైనది నాటి యసలు సామగ్రి. అది యెచట దొరకును? దొరకనిచో నేమి చేయవలెను? క్రొత్తదానిని జేర్చినచో విమానము నిజమైనదే యగునా? ఇవి పనివారి ప్రశ్నలుగా దోచును గాని, హైదరాబాదు పేరు మోసిన యొక విమానము కథను విన్నచో నివి మనకును సంబంధించినవే యని చదువరులు గ్రహింపగలరు.

మా వజ్రకరూరు ప్రాంతమున తొలకరి కురిసినంతనే జనులు చేలలో వంగి రాళ్ళను వెదకుదురు. వానకు పైమన్ను కొట్టుకొనిపోయి లోనిరాయి బయటపడును. వేయిరాళ్ళ నేరినను వజ్రమొక్కటి దొరకునను నమ్మకము లేదు. దొరికినదానినైనను పరీక్షింపక వజ్రమనుట తగదు. పాతవిమానముల సామగ్రిని వెదకువారి శ్రమయు నిట్టిదే. పాతయినుము దుకాణములు, మూతపడిన కర్మశాలలు, విమానములు కూలిన చిత్తడినేలలు వారికి గనులు. దొరికిన తునకపై భాగసంఖ్యయు, పరీక్షాధికారి ముద్రయు నున్నవా యని చూతురు. ముద్ర లేని మేకు వన్నెరాయి వంటిది. అందముగా నుండవచ్చును, సాక్ష్యము మాత్రము చెప్పజాలదు.

ఈ వజ్రకరూరు సీమయు నొకప్పుడు నిజాము నేలలోనిదే. 1800లో ఆంగ్లేయుల సైన్యపు వ్యయము క్రింద నిజాము బళ్ళారి, కడప మున్నగు సీమలను కంపెనీవారి కప్పగించెను. బళ్ళారిలో చేరియుండిన అనంతపురము 1882లో వేఱు జిల్లా యయ్యెను. నూఱేండ్లకు పైగా గడచిన పిదప, మొదటి ప్రపంచయుద్ధమున, ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను ఆంగ్లేయులకు విమానదళము నిమిత్తమై ధనమొసంగెను. ఒకనాడు నేలనిచ్చి సైన్యమును నిలిపిన సంస్థానము మఱియొకనాడు రూపాయలిచ్చి రెక్కలను గొనెను. ఆ దళమే 110వ హైదరాబాదు దళము. అది నడిపినవి డి. హెచ్. 9ఎ యను రెండు సీట్ల బాంబు విమానములు. వానిపై నివి నిజాము కానుక యని తెలుపు వ్రాత యుండెడిది.

అందు ఎఫ్ 1010 యను సంఖ్య గల విమానము 1918 అక్టోబరు 5వ తేదీన జర్మనీపై దాడి చేయుచు శత్రుభూమిపై దిగవలసివచ్చెను. అందలి యిద్దఱు వైమానికులును బందీలైరి. విమానము యుద్ధచిహ్నముగా జర్మనుల వశమయ్యెను. తరువాత బెర్లిను విమానప్రదర్శనశాలకు జేరెను. 1943లో ఆ నగరముపై బాంబులు పడగా, మిగిలిన విమానములను తూర్పునకు తరలించిరి. యుద్ధాంతమున నివి పోలండు చేజిక్కెను. క్రాకో నగరపు ప్రదర్శనశాలలో చిరకాలము పడియుండి, 1977లో ఒక స్పిట్‌ఫైరు విమానమునకు మాఱుగా ఎఫ్ 1010 ఇంగ్లండునందలి రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియమునకు వచ్చెను. అప్పటికి దేహము మిగిలెను గాని రెక్కలు లేకుండెను.

సుమారు 46 అడుగుల వెడల్పున రెక్కలను మరల గట్టుట యెట్లు? కఱ్ఱచట్రము, దానిని బిగించు తీగలు, పైన అవిసెనార బట్ట, ఆ బట్టను బిగియించు పూత, వీని నన్నిటిని నాటి నమూనాల ననుసరించి చేయవలెను. కఱ్ఱను కోయవచ్చును, బట్టను కుట్టవచ్చును. చిన్నసామగ్రి కడనే చిక్కు. ఇంగ్లండున విట్‌వర్తు పద్ధతి ననుసరించి మరచుట్ల కోణము 55 డిగ్రీలు. అమెరికా పద్ధతిలో 60 డిగ్రీలు. కంటికి రెండు బోల్టులు నొక్కటియే. ఒకదాని నట్టును రెండవదానికి బలిమితో త్రిప్పినచో లోని చుట్లు చెడును. ఈ విమానపు దేహ మింగ్లీషు నిర్మాణము. పన్నెండు సిలిండర్లు, 400 అశ్వశక్తి గల లిబర్టీ యంత్రము అమెరికా నిర్మాణము. కావున నొక్క విమానమునకే రెండు దేశముల మేకులను వెదకవలసి వచ్చును.

ఎగురవలసిన విమానమునకు వేఱొక ధర్మము గలదు. పాతబోల్టు నిజమైనదే కావచ్చును. కాని లోపల బీటవారిన లోహము ఆకాశమున ప్రాణము దీయును. అట్టిచోట క్రొత్తదే శ్రేష్ఠము. 2018లో మన వాయుసేనలో జేరిన డకోటాను చూడుడు. రాజీవ్ చంద్రశేఖర్‌గారు దానిని ఇంగ్లండున బాగుచేయించి యొసంగిరి. పరశురామ యను పేరుగల యీ విమానముపై వీపీ 905 అను సంఖ్య వ్రాయబడినది. 1947 అక్టోబరు 27న శ్రీనగరమునకు సైనికులను గొనిపోయిన తొలి డకోటా సంఖ్య యది. ఇది యా విమానము కాదు, దాని స్మారకము. ఆ మాటను స్పష్టముగా జెప్పినచో గౌరవము తఱుగదు. చెప్పక దాచినచో స్మారకమే యసత్యమగును.

అసలుసామగ్రిని కాపాడుటలో మనవారు సామాన్యులు కారనుటకు బెంగుళూరే సాక్ష్యము. రెండవ ప్రపంచయుద్ధము ముగియగా, ఆంగ్లేయులు కాన్పూరున విడిచిన లిబరేటరు విమానములను మరల నుపయోగింప వీలులేకుండ పాడుచేసిరి. 1948లో హిందూస్తాన్ విమాన కర్మాగారమువారు ఆ కుప్పనుండి సుమారు 40 విమానములను బాగుచేసి యెగురునట్లు చేసిరి. వానిని బెంగుళూరునకు దెచ్చిన వైమానికుడు జంషెడ్ కైకోబాద్ మున్షీ. వాయుసేనలో నవి 1968 వఱకు పనిచేసెను. పిమ్మట విదేశములవారు వానిని కోరి తెప్పించుకొనిరి. నిజాము విమానము నేలుకొనిన మ్యూజియమే 1974లో నొకదానిని గ్రహించెను. పాతయినుమని పారవేయబడినది పనివారి చేతిలో విమానమై, ఇరువదియేండ్లకు లోకమునకు చారిత్రక ధనమయ్యెను.

ఇక నసలు ప్రశ్న. ఎఫ్ 1010 దాతపేరు లోకమునకు దెలియును. ఆ ధన మిచ్చినవా రెవరు? బొక్కసము ప్రభువుదే యైనను, అందు జేరినది తెలంగాణము, మరాట్వాడ, కన్నడసీమల రైతుల శిస్తు. ఆ విమానము జర్మనీపై నెగిరిన 1918లోనే దేశమున వర్షములు తప్పెను, ఇన్‌ఫ్లూయెంజా జ్వరము లక్షలాది ప్రాణములను గొనెను. వానకై యాకసమును జూచిన రైతు, తన శిస్తు రెక్కలు గట్టుకొని పరదేశపు టాకసమున దిరుగుచున్నదని యెఱుగడు. నిజాయితీగల పనివాడు పాతవ్రాతను మార్చరాదు. రైతుపేరును విమానముపై క్రొత్తగా వ్రాయరాదు. చరిత్రకారుడు మాత్రము ప్రక్కనున్న పలకపై నా మాట వ్రాయవలెను. ఏ మేకు పాతది, ఏ రెక్క క్రొత్తది, ఎవరి సొమ్ముతో గొన్నది, ఈ మూడును దెలిపిన పునరుద్ధరణమే సంపూర్ణము.

ఈ ధర్మము ప్రదర్శనశాలలకే కాదు, మన యిండ్లకును జెల్లును. అటకమీది పాత కొలతపాత్ర, తాతగారి చేతిపనిముట్టు, సైన్యమునుండి తిరిగివచ్చిన యొకని గుండీపెట్టె పాతయినుము కొనువానికి తూకమున నమ్ముడుపోవుచున్నవి. అమ్మకముందు వానిపైనున్న ముద్రను జదువుడు. ఎవరిదో, ఏ యేటిదో యొక చీటీపై వ్రాసి దానికి గట్టుడు. తెలియని సంగతిని కల్పించి వ్రాయవలదు. ఆ చీటీ యున్నచో నది మన పిల్లలకు చరిత్ర. లేనిచో నది వట్టి యినుము.