ఆకులోని విటమిను – రక్తపు క్యాన్సరు మందు

నంద్యాల అంగడిలో కొన్న తోటకూరలోను, ఆళ్లగడ్డ పెరటిలో కోసిన పాలకూరలోను ఒకే విటమిను కలదు. 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుండి దానిని వేరుచేసి, ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. లాటిను భాషలో 'ఫోలియం' అనగా ఆకు. కొత్త కణము పుట్టవలెనన్న డి.ఎన్.ఏ. తయారుకావలెను, అందుకు ఈ విటమిను అవసరము. ఎముకల మజ్జలో రక్తకణములు ఎడతెగక పుట్టుచుండును గనుక అచ్చట దీని అవసరము మరింత హెచ్చు.

మజ్జలో తెల్లకణములు అదుపుతప్పి పెరుగుటయే లుకేమియా. 1947కు పూర్వము తీవ్రమైన లుకేమియా వచ్చిన పిల్లలు కొద్ది వారములలోనో, నెలలలోనో మరణించుచుండిరి.

భీమవరములో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసులో వైద్యము చదివి, 1922లో అమెరికాకు వెళ్లిరి. 1940లో లెడర్లీ సంస్థలో చేరిరి. ఆయన నాయకత్వమున 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారయ్యెను. బోస్టను పిల్లల ఆసుపత్రిలోని సిడ్నీ ఫార్బర్ ఆ జాతి పదార్థములను లుకేమియా రోగులకిచ్చి చూడగా, వ్యాధి మరింత వేగముగా పెరిగినట్లు తోచెను. అట్లయిన ఆ విటమిను పనిచేయకుండ అడ్డుకొన్నచో వ్యాధికణములు నశింపవా?

సుబ్బారావుగారి బృందము అందుకు తగిన అమినోప్టెరిన్‌ను తయారుచేసి యిచ్చెను. దాని నిర్మాణము ఫోలిక్ ఆమ్లమును పోలియుండును. తాళములో దూరి, తిరుగక ఇరుకుకొనిన మారు తాళపుచెవివలె, అది ఎంజైములో దూరి దాని పనిని నిలిపివేయును. 1948 జూనులో ఫార్బర్ ప్రకటించిన నివేదిక ప్రకారము 16మంది పిల్లలలో 10మందికి గుణము కనిపించెను. అయితే అది తాత్కాలికమే. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు మరణించిరి.

మందు ఇచ్చినను వ్యాధి యేల తిరిగివచ్చును? కారణములు పెక్కు. వానిలో ఒకటి తెలియుటకు 1977నాటి మరియొక ఆవిష్కరణ కావలసివచ్చెను. జన్యువునుండి వచ్చిన ఆర్.ఎన్.ఏ.లో అక్కరలేని ముక్కలను కణము కోసివేసి, మిగిలినవానిని అతికించుకొనునని ఫిలిప్ షార్ప్, రిచర్డ్ రాబర్ట్స్ బృందములు కనుగొనిరి. దీనినే స్ప్లైసింగ్ అందురు.

అమినోప్టెరిన్ స్థానమున వచ్చిన మెథోట్రెక్సేట్ కణములో నిలువవలెనన్న, ఒక ఎంజైము దానికి గ్లుటమేటు తోకను తగిలింపవలెను. కొన్ని లుకేమియా కణములలో ఆ ఎంజైమునకు సంబంధించిన ఆర్.ఎన్.ఏ. తప్పుగా అతుకబడును. తోక లేని మందు వెలుపలికి జారిపోవును, వ్యాధికణము బ్రతికిపోవును.

నేడు మెథోట్రెక్సేటును ఇతర ఔషధములతో కలిపి ఇచ్చుచున్నారు. మంచి చికిత్స లభించుచోట, పిల్లలకు తరచుగా వచ్చు లింఫోబ్లాస్టిక్ లుకేమియాలో పదింట తొమ్మిదిమంది వరకు బ్రతుకుచున్నారు. మిగిలినవారి కణములలో ఎచ్చట అతుకు తప్పినదో ముందే గుర్తించి, వారికి తగిన మందును ఎన్నుకొనుటయే ఇప్పటి పరిశోధకుల ప్రయత్నము.